ఆదా మీద ఆదా ఎంత?

తెలుగు పాఠాలు చెప్పుకొనే నాకు మోటారు కార్లతో ఏమి పని అని ఈ సంచిక చదివే విద్యార్థులు అనుకోవచ్చు. నాకు కారు లేదు. కళాశాలకు వచ్చేది స్కూటరు మీద. అయినా ఈ ఏడు వార్షిక సంచికకు ప్రబంధ నాయికల గురించి కాక కారుకు పోసే ఇంధనం గురించి వ్రాయటానికి ఒక ఉత్తరం కారణమయింది.

ఎనిమిదేళ్ల క్రితం మన కళాశాలలో డిగ్రీ పూర్తిచేసిన ఒక విద్యార్థి ఇప్పుడు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. పండుగలకు సలాం వ్రాయటం మరచిపోని మనిషి. ఈ మధ్య వ్రాసిన ఉత్తరంలో, తాను 2012 నాటి ప్రియస్ హైబ్రిడ్ కారు ఒకటి పాతది కొన్నానని, దానిని ఇథనాలు మీద నడిచేటట్లు మార్పించదలచానని తెలిపాడు. తన లెక్క కూడా ఇచ్చాడు. వాళ్ల పేటలో ఆనాడు పెట్రోలు గాలను 3 డాలర్లు. ఇథనాలు ఎక్కువ పాలు కలిసిన ఇ85 అనే ఇంధనం 2 డాలర్ల 40 సెంట్లు. అతడు ఏడాదికి 12,000 మైళ్లు తిరుగుతాడు. గాలనుకు 50 మైళ్లు ఇచ్చే కారు కనుక 240 గాలన్లు పడుతుంది. గాలనుకు 60 సెంట్లు మిగిలితే ఏడాదికి 144 డాలర్లు. మార్పు చేయించటానికి 500 డాలర్లు అవుతుంది. మూడున్నరేళ్లలో ఆ ఖర్చు తీరిపోతుంది. "ఆ తరువాత ఏటా మిగిలే సొమ్ము మన కళాశాలలో ఇద్దరు బీద విద్యార్థుల ఫీజుకు పంపుతాను. కమిటీ పెద్దలకు మీరే చెప్పండి సార్" అని ముగించాడు.

144 డాలర్లంటే మన రూపాయలలో 12,000కు పైమాటే. కమిటీ పెద్దలలో ఒకరికి ఈ సంగతి చెప్పగా ఎంతో సంతోషించారు. నేను, "లెక్క ఒకసారి సరిచూసి జవాబు వ్రాస్తాను" అన్నాను. ఆయన నవ్వి, "ఇచ్చేవాడి లెక్క మనకెందుకు మాస్టారూ! ఇస్తానన్నాడు, పుచ్చుకొందాం" అన్నారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. మన పిల్లవాడు తప్పు లెక్క మీద 500 డాలర్లు ఖర్చు పెడుతూ ఉంటే, వచ్చే ఫీజు కోసం మనం చూస్తూ ఊరుకోవచ్చునా? అందుకని ఆ లెక్కను నాకు చేతనైనంత మేరకు ఇక్కడ విప్పి చూపుతున్నాను. ఎందుకంటే ఇది ఒక్క కారు లెక్క కాదు. చౌక అనే మాట విన్న ప్రతిచోటా మనం చేసే పొరపాటు ఇందులో ఉన్నది.

మొదట రెండు మాటలకు అర్థం చెప్పుకొందాం. హైబ్రిడ్ కారులో పెట్రోలు ఇంజనుతోబాటు విద్యుత్ మోటారు కూడా ఉంటుంది. మామూలు కారు బ్రేకు వేసినప్పుడు దాని వేగమంతా వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. హైబ్రిడ్ కారు అందులో కొంత శక్తిని పట్టి బ్యాటరీలో దాచుకొని మళ్లీ నడవటానికి వాడుకొంటుంది. సిగ్నలు దగ్గర ఆగితే ఇంజను దానంతట అదే ఆగిపోతుంది. ఈ విధంగా తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం నడుస్తుంది. ఇక ఇథనాలు అనేది చెరకు, మొక్కజొన్న, నూకలు మొదలైనవాటిని పులియబెట్టి బట్టీ పట్టి తీసే స్పిరిటు. దానిని పెట్రోలులో కలిపి వాడవచ్చు. మన దేశంలో ఇది నిన్న మొన్నటి ఆలోచన కాదు. పెట్రోలులో స్పిరిటు కలపటాన్ని గురించి 1948లోనే పవర్ ఆల్కహాల్ చట్టం అని ఒక కేంద్ర చట్టం వచ్చింది. అమెరికాలో ఇ85 అనే పేరుతో అమ్మే సరుకులో ఇథనాలు ఋతువును బట్టి, ప్రాంతాన్ని బట్టి నూటికి 51 నుండి 83 పాళ్ల వరకు ఉంటుంది. చలికాలంలో పాలు తగ్గిస్తారు. మిన్నెసోటాలో మొక్కజొన్న పంట విస్తారం కనుక ఇ85 అమ్మే బంకులు అక్కడ చాలా ఉన్నాయి. మన విద్యార్థికి ఈ ఆలోచన కలగటంలో ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు అతని లెక్కలో ఉన్న మొదటి లోపం. ఒక గాలను పెట్రోలు స్థానంలో ఒక గాలను ఇ85 సరిపోతుందని అతడు అనుకొన్నాడు. సరిపోదు. లీటరు పెట్రోలులో ఉండే శక్తిలో లీటరు ఇథనాలులో ఉండేది సుమారు మూడింట రెండు వంతులు మాత్రమే. మన రైతు బిడ్డలకు దీనిని చెప్పటం సులభం. క్వింటాలు వడ్లు మరపట్టిస్తే సుమారు 67 కిలోల బియ్యం వస్తాయి. క్వింటాలు వడ్ల ధర క్వింటాలు బియ్యం ధర కంటే తక్కువగా ఉన్నది కదా అని, ఆ తేడా అంతా నాకు లాభమే అనుకొనేవాడిని చూసి ఊరివాళ్లు నవ్వుతారు. వడ్ల ధరను బియ్యం లెక్కకు మార్చి అప్పుడు పోల్చాలి. పెట్రోలును బియ్యమనుకొంటే, ఇథనాలును వడ్లనుకోవాలి. బంకు దగ్గర కొనేది లీటర్లే గాని కారును నడిపేది శక్తి.

ఇ85లో కొంత పెట్రోలు కూడా ఉంటుంది గనుక నష్టం మూడవ వంతు దాకా పోదు. ఇథనాలు వాడేటట్లు తయారుచేసిన కార్లలోనే గాలనుకు వచ్చే మైళ్లు నూటికి 15 నుండి 27 వరకు తగ్గుతాయని అమెరికా ప్రభుత్వ సంస్థలు చెబుతాయి. నడిమి అంకెగా 20 తీసుకొందాం. అప్పుడు గాలనుకు 50 మైళ్లు ఇచ్చే కారు 40 మైళ్లే ఇస్తుంది. 12,000 మైళ్లకు 240 గాలన్లు కాదు, 300 గాలన్లు కావాలి. 300 గాలన్లు 2 డాలర్ల 40 సెంట్ల చొప్పున 720 డాలర్లు. పెట్రోలు అయితే 240 గాలన్లు 3 డాలర్ల చొప్పున ఎంత? అదీ 720 డాలర్లే! ధర నూటికి ఇరవై తగ్గింది, మైళ్లూ నూటికి ఇరవై తగ్గాయి, మిగిలింది సున్న. మైళ్లు నూటికి 15 మాత్రమే తగ్గితే ఏడాదికి సుమారు 42 డాలర్లు మిగులుతాయి. 500 డాలర్లు తీరటానికి దాదాపు పన్నెండేళ్లు. నూటికి 25 తగ్గితే మిగలటం మాట అటుంచి ఏటా 48 డాలర్లు ఎదురు పెట్టుకోవాలి. ఇద్దరు విద్యార్థుల ఫీజు అన్నది ఈ 144 డాలర్ల మీద కట్టిన మేడ.

రెండవ లోపం ఇంతకంటే సూక్ష్మమైనది. నా దృష్టిలో ముఖ్యమైనది కూడా ఇదే. ఇ85 ధర ఇంకా తగ్గిందనుకొందాం. 2 డాలర్ల 10 సెంట్లకు వచ్చిందనుకొందాం. ఇప్పుడు నిజంగానే ఆదా ఉన్నది. 300 గాలన్లకు 630 డాలర్లు. ఏడాదికి 90 డాలర్లు మిగులు. 500 డాలర్లు తీరటానికి అయిదున్నరేళ్లు పైన పడుతుంది. ఇదే ధరకు, ఇదే దూరం, గాలనుకు 15 మైళ్లే ఇచ్చే పెద్ద ట్రక్కు నడిపేవాడి లెక్క చూడండి. అతనికి పెట్రోలు 800 గాలన్లు, 2,400 డాలర్లు. ఇ85 అయితే 1,000 గాలన్లు, 2,100 డాలర్లు. ఏడాదికి 300 డాలర్ల మిగులు. అదే 500 డాలర్ల ఖర్చు అతనికి ఇరవై నెలల్లో తీరిపోతుంది.

అంటే ఏమిటి? ఇంధనం మార్చటం వల్ల వచ్చే లాభం, వాడే ఇంధనం పరిమాణాన్ని బట్టి ఉంటుంది. హైబ్రిడ్ కారు కొన్నవాడు వాడకాన్ని ముందే తగ్గించుకొన్నాడు. కోయవలసిన పంటలో ఎక్కువ భాగం ఒకసారి కోసేశాడు. మిగిలిన పరిగె ఏరుకోవటానికి మళ్లీ అంత కూలి పెట్టటం గిట్టుబాటు కాదు. మొదటి ఆదా రెండవ ఆదాను మింగివేస్తుంది. హైబ్రిడ్ వల్ల కొంత మిగులు, ఇథనాలు వల్ల కొంత మిగులు, రెండూ కలిపితే ఇంత అని కూడికలు వేయటం తప్పు.

ఈ సూత్రం నేను అర్థశాస్త్ర గ్రంథాలలో చదవలేదు. మా నాన్నగారు ముప్పై ఏళ్లు మా ఊరి బస్టాండు వెనుక షెడ్డులో కార్లు బాగుచేశారు. నా చిన్నతనంలో పెట్రోలు కార్లకు గ్యాసు కిట్లు బిగించటం చాలా జోరుగా సాగింది. రోజుకు రెండు వందల కిలోమీటర్లు తిరిగే టాక్సీ వాళ్లు వస్తే నాన్నగారు మారుమాట లేకుండా బిగించేవారు. శుక్రవారం నమాజుకూ, పెళ్లిళ్లకూ మాత్రమే కారు బయటికి తీసే షావుకార్లు వస్తే వద్దని పంపేవారు. ఆ కిట్టు వల్ల వాళ్లకు డిక్కీలో సగం చోటు పోవటం తప్ప మిగిలేది ఏమీ లేదని ఆయన వాదన. చేతికి వచ్చిన బేరాన్ని వదులుకొంటున్నారని అమ్మ విసుక్కొనేది. మొన్న ఈ ఉత్తరం సంగతి చెప్పినప్పుడు ఆయన ఉర్దూలో అన్న మాటను తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: "ఎక్కువ తాగే బండికి సరుకు మార్చు. తక్కువ తాగే బండిని దాని మానాన వదిలెయ్యి." నేను రెండు పేజీలలో చెప్పినది ఆయన రెండు వాక్యాలలో తేల్చారు.

ఇక యంత్రం సంగతి. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండటానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. ఒక పాలు ఇథనాలుకు 9 పాళ్ల గాలి చాలు. అంటే ఇంజను పీల్చే గాలి అంతే అయినప్పుడు ఇథనాలును ఎక్కువగా చిమ్మాలి. మామూలు పెట్రోలు కారులోని కంప్యూటరు కొంతవరకు సర్దుకొంటుంది గాని, ఆ సర్దుబాటుకు ఒక హద్దు ఉన్నది. హద్దు దాటితే ఇంధనం చాలక ఇంజను తడబడుతుంది. హెచ్చరిక దీపం వెలుగుతుంది. అమ్మకానికి వచ్చే పరికరాలు చేసేది ప్రధానంగా ఒక్కటే. ఇంధనం చిమ్మే నాజిళ్లు తెరుచుకొని ఉండే కాలాన్ని పొడిగిస్తాయి. కారు తయారైననాటి రబ్బరు గొట్టాలనూ, పంపునూ, సీళ్లనూ అవి మార్చవు. ఇథనాలు తేమను పీలుస్తుంది. దానికి తట్టుకొనేటట్లు చేయని కొన్ని రబ్బర్లనూ లోహాలనూ పాడుచేస్తుంది. పైగా చలిలో అది పెట్రోలు అంత తేలికగా ఆవిరి కాదు. హైబ్రిడ్ కారులో ఇంజను మాటిమాటికి ఆగుతూ, మళ్లీ అందుకొంటూ ఉంటుంది; దగ్గరి ప్రయాణాలలో సరిగా వేడెక్కే అవకాశమే తక్కువ. గడ్డకట్టే చలి ఉండే మిన్నెసోటాలో ఇది చిన్న చిక్కు కాదు. ఒక్క నాజిలు పాడయినా, ఒక్క పంపు మార్చవలసి వచ్చినా అయిదారేళ్ల మిగులు ఒక్క బిల్లుతో చెల్లుతుంది.

చట్టం కూడా ఉన్నది. పొగకు సంబంధించిన ఏర్పాట్లను ప్రభుత్వ ధ్రువీకరణ లేని పరికరంతో మార్చటాన్ని అమెరికాలో స్వచ్ఛ వాయు చట్టం నిషేధిస్తుంది. మన దేశంలోనూ 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని యజమాని తన ఇష్టం వచ్చినట్లు మార్చరాదు. వేరే ఇంధనానికి మార్చాలంటే ప్రభుత్వం విధించిన షరతులకు లోబడాలి. పరదేశంలో ఉద్యోగం చేసుకొనే మన పిల్లవాడు 144 డాలర్ల ఆశతో అటువంటి చిక్కులో పడవచ్చునా?

అయితే ఇథనాలు మార్పిడి ఎక్కడా ఎవరికీ గిట్టదని నేను అనటం లేదు. ఫ్రాన్సు దేశం సంగతి చూడాలి. అక్కడ 2017 డిసెంబరు నుండి ప్రభుత్వ ఆమోదం పొందిన మార్పిడి పెట్టెలను బిగించుకోవటానికి నిబంధనలు ఏర్పడ్డాయి. 2024లో అక్కడ ఇ85 ధర పెట్రోలు ధరలో సగం కంటే తక్కువ. ఉదాహరణకు పెట్రోలు లీటరు 1.80 యూరోలు, ఇ85 0.80 యూరోలు అనుకొందాం. నూరు కిలోమీటర్లకు 5 లీటర్లు తాగే హైబ్రిడ్ కారు ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగితే పెట్రోలు 500 లీటర్లు, 900 యూరోలు. ఇ85 నాలుగో వంతు ఎక్కువ పట్టినా 625 లీటర్లు, 500 యూరోలు. ఏడాదికి 400 యూరోల మిగులు. మార్పిడికి 1,000 యూరోలు అయినా రెండున్నరేళ్లలో తీరుతుంది. హైబ్రిడ్ కారుకు కూడా అక్కడ గిట్టుబాటయింది!

కాని ఈ మిగులు ఎక్కడి నుండి వచ్చింది? ఇథనాలులో శక్తి ఎక్కువై కాదు. దానిని తీయటానికి అయ్యే ఖర్చు సగమై కాదు. ఫ్రెంచి ప్రభుత్వం పెట్రోలు మీద భారీగా పన్ను వేసి, ఇ85 మీద చాలా తక్కువగా వేయటం వల్ల వచ్చింది. కారు యజమానికి మిగిలిన సొమ్ములో పెద్ద భాగం ఖజానా వదులుకొన్న సొమ్మే. రేపు ఆ పన్ను పెరిగితే లెక్క తారుమారవుతుంది. ప్రభుత్వం ఇచ్చినంత కాలం పుచ్చుకోవటం తప్పు కాదు. అది శాశ్వతమనుకోవటం తప్పు.

శాశ్వతం కాదనటానికి బ్రెజిల్ చరిత్ర సాక్ష్యం. 1973లో చమురు ధరలు పెరిగిన తరువాత ఆ దేశం 1975 నవంబరులో ప్రో ఆల్కూల్ అనే జాతీయ ఇథనాలు పథకం ప్రారంభించింది. 1979లో పూర్తిగా ఇథనాలు మీద నడిచే ఫియట్ 147 కారు అమ్మకానికి వచ్చింది. కొద్ది సంవత్సరాలలోనే అక్కడ అమ్ముడయ్యే కొత్త కార్లలో అత్యధిక భాగం ఇథనాలు కార్లే అయినాయి. తరువాత చమురు ధర పడిపోయింది; చక్కెర ధర పెరిగింది; మిల్లులకు చక్కెర చేయటమే లాభమయింది. 1989 నాటికి బంకులలో ఇథనాలు దొరకని స్థితి ఏర్పడింది. ప్రభుత్వాన్ని నమ్మి కారు కొన్నవాళ్లు బారులు తీరి నిలబడవలసి వచ్చింది. ఆ దెబ్బతో జనానికి పోయిన నమ్మకం, ఏ ఇంధనమైనా పోసుకోగల ఫ్లెక్స్ కార్లు 2003లో వచ్చేవరకు తిరిగి రాలేదు. 2019లో టయోటా సంస్థ అక్కడే కొరోలా కారును హైబ్రిడ్‌గానూ, ఫ్లెక్స్‌గానూ తయారుచేసి అమ్మింది. హైబ్రిడ్, ఇథనాలు కలవకూడదని కాదని దీనివల్ల తెలుస్తుంది. అయితే అది కర్మాగారంలోనే ఆ ఇంధనానికి తగిన భాగాలతో పుట్టిన కారు. తరువాత పెట్టె బిగించి మార్చినది కాదు. బ్రెజిల్ వాహనదారులు నేటికీ ఒక సులభ సూత్రం పాటిస్తారు. ఇథనాలు ధర పెట్రోలు ధరలో నూటికి 70 కంటే తక్కువైతేనే ఇథనాలు, లేకుంటే పెట్రోలు. వడ్లనూ బియ్యాన్నీ పోల్చిన లెక్కే ఇది.

మరి మన సంగతి? ఇది అమెరికా గొడవ, మనకెందుకు అని విద్యార్థులు అనుకోవద్దు. మీ మోటారు సైకిలులోనూ, నా స్కూటరులోనూ ఇథనాలు ఇప్పటికే ఉన్నది. నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరిలో బెంగుళూరులో ప్రారంభించారు. 2025 నాటికి దేశమంతటా ఆ పాలుకు చేరుకొన్నాము. 2023 ఆగస్టులో ఇథనాలు మీద నడవగల ఇన్నోవా హైబ్రిడ్ నమూనా కారును ఢిల్లీలో ప్రదర్శించారు. 2024 మార్చిలో దాదాపు పూర్తి ఇథనాలు అయిన ఇ100ను అయిదు రాష్ట్రాలలోని 183 బంకులలో ప్రవేశపెట్టారు. ఆ అయిదింటిలో తెలుగు రాష్ట్రాలు లేవు.

ఈ మిశ్రమం వల్ల మైలేజి ఎంత తగ్గుతుందో నీతి ఆయోగ్ వారి 2021 నివేదికే చెప్పింది. పాత ప్రమాణాలతో తయారైన కార్లలో నూటికి 6 నుండి 7, ద్విచక్ర వాహనాలలో 3 నుండి 4 వరకు. ఇథనాలుకు అనువుగా చేసిన కొత్త కార్లలో 1 నుండి 2 మాత్రమే. తగ్గే శక్తికి పరిహారంగా ఇటువంటి ఇంధనం ధర మామూలు పెట్రోలు కంటే తక్కువగా ఉండాలని కూడా అదే నివేదిక సూచించింది. 2025లో బంకు దగ్గర అటువంటి తగ్గింపు వాహనదారుకు కనిపించలేదు.

ఎందుకు కనిపించలేదో ఒక చిన్న లెక్క చెబుతుంది. 2024–25 సరఫరా సంవత్సరంలో మొక్కజొన్న నుండి తీసిన ఇథనాలుకు చమురు కంపెనీలు చెల్లించిన ధర లీటరుకు 71 రూపాయల 86 పైసలు. రవాణా, పన్ను, బంకు కమీషను దీనిలో లేవు. లీటరు పెట్రోలుకు సమానమైన శక్తికి లీటరున్నర ఇథనాలు కావాలి కనుక, అది 107 రూపాయల 79 పైసలు. అన్ని పన్నులూ కలిసి 2025లో హైదరాబాదులో లీటరు పెట్రోలు సుమారు 107 రూపాయలు! చక్కెర అంతా తీయగా మిగిలే చివరి మొలాసిస్ నుండి చేసిన ఇథనాలు అదే ఏడు 57 రూపాయల 97 పైసలకు దొరికింది. శక్తి లెక్కన అది సుమారు 87 రూపాయలు. కాని అటువంటి మొలాసిస్ దేశానికంతకూ చాలినంత లేదు. కాబట్టి ఈ ధరల వద్ద, ప్రభుత్వం పన్ను వదులుకొంటే తప్ప, ఇథనాలు పోసుకొన్నవాడికి మిగిలేది స్వల్పం. మన దేశంలో హైబ్రిడ్ కారును మార్పించదలచిన ధనవంతుడికి కూడా నా జవాబు అదే.

ఇథనాలు కలపటం వల్ల విదేశీ చమురు కొనుగోలు కొంత తగ్గుతుంది. చెరకు, మొక్కజొన్న రైతుకు మరొక కొనుగోలుదారు దొరుకుతాడు. ఇవి మంచి ఆశయాలు. వాటిని నేను కాదనను. కాని వాటి ఖర్చును కూడా దాచకుండా వ్రాయాలి. చెరకు నుండి లీటరు ఇథనాలు రావటానికి సుమారు 2,860 లీటర్ల నీరు కావాలని నీతి ఆయోగ్ నివేదికలోనే ఉన్నది. మొక్కజొన్న కోళ్ల దాణాకు ప్రధానమైన ధాన్యం. కోళ్ల పెంపకం మీద మన రెండు తెలుగు రాష్ట్రాలలో ఎన్నో కుటుంబాలు బ్రతుకుతున్నాయి. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాలు కర్మాగారం వద్దని 2024 నవంబరులో గ్రామస్థులు రహదారి మీద బైఠాయించగా, ప్రభుత్వం పనులు నిలిపివేయించింది. ఎవరి వాదన ఎంత సబబు అని తీర్పు చెప్పటానికి నేను తగను. బంకు దగ్గర కనిపించే ధర ఒక్కటే ఇంధనం ధర కాదని మాత్రం ఆ సంఘటన చెబుతున్నది.

మా ఉర్దూ శాఖ మిత్రులు తరచు వాడే మాట ఒకటి ఉన్నది: కిఫాయత్. పొదుపు అని తెలుగులో చెప్పుకోవచ్చు. తక్కువ ధర ఉన్నచోటికి పరుగెత్తటం కిఫాయత్ కాదు. హిసాబు తెలిసి ఖర్చు చేయటం కిఫాయత్. విద్యార్థులారా! రేపు మీరు సంపాదనపరులవుతారు. వాయిదాల మీద ఫోను, రాయితీ మీద బండి, ఆదా చేసే పరికరం అని ఎన్నో మీ ముందుకు వస్తాయి. అప్పుడు ఈ ప్రశ్నలు వేసుకోండి. రెండు ధరలనూ ఒకే కొలతకు తెచ్చి పోల్చానా? ఆ వస్తువును నేను వాడేది ఎంత? ఈ లాభం వస్తువులో ఉన్నదా, ఎవరో వదులుకొన్న పన్నులో ఉన్నదా? చెడిపోతే బాగుచేసే ఖర్చు ఎవరిది? నాలుగింటికీ జవాబు దొరికిన తరువాతనే జేబులో చేయి పెట్టండి.

మన విద్యార్థికి నేను ఈ లెక్కలన్నీ వ్రాసి పంపాను. చివర ఒక మాట చేర్చాను. "నాయనా, కారును ఉన్నదున్నట్లు నడుపుకో. చక్రాలలో గాలి సరిగా పెట్టించు, నిదానంగా నడుపు. పైసా ఖర్చు లేకుండా కొంత మిగులుతుంది. కళాశాల మీద నీకున్న ప్రేమ కారు మిగుల్చుతుందో లేదో తెలియని డబ్బు మీద ఆధారపడనక్కరలేదు."

కమిటీ పెద్దకు కూడా ఈ ఉత్తరం ప్రతి చూపించాను. ఆయన చదివి కొంతసేపు మాట్లాడలేదు. "రావలసింది పోగొట్టారు మాస్టారూ" అని మాత్రం అన్నారు. ఆ మాట నాకు బాధ కలిగించిన సంగతి దాచను. ఫీజు కట్టలేక టి.సి. తీసుకొని వెళ్లిపోయే పిల్లలను ఏటా చూసేవాళ్లలో నేనూ ఒకడిని.

నెల తిరగకముందే జవాబు వచ్చింది. పరికరం కొనలేదట. ఇద్దరికి ఏటా పంపుతానన్న మాట నిలుపుకోలేకపోతున్నందుకు క్షమించమని వ్రాసి, ఈ ఏడాదికి ఒక విద్యార్థి ఫీజు మాత్రం పంపాడు. వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు చూస్తానన్నాడు. ఆ సొమ్ము కళాశాల ఖాతాలో జమ అయింది. మూడున్నరేళ్ల తరువాత వస్తాయని కాగితం మీద కనిపించిన రెండు ఫీజుల కంటే, ఈనాడు రసీదు పుస్తకంలో ఉన్న ఈ ఒక్క ఫీజే మనకు ఎక్కువ అని నా అభిప్రాయం. కమిటీ పెద్దలు ఏమంటారో వారికే వదిలివేస్తున్నాను.